వాపు దిగింది సార్

రాత్రి పదీ నలభైకి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఎర్రగా, మసకగా ఏదో ఉంది. ముందు పళ్ల మీద ఫ్లాష్ పడి తెల్లగా మెరుస్తున్నాయి, వెనకంతా చీకటి. ఒక మూల మీసం, ఇంకో మూల వేలి గోరు. కింద మెసేజ్: 'సార్ ఈ పన్ను సలుపుతాంది. ఏం మాత్ర ఏసుకోవాల.' 'ఈ పన్ను' ఏదో నాకు తెలియలేదు. మనిషెవరో కూడా తెలియదు. కోసిగి నుంచి. రెండేళ్ల కింద నా దగ్గర పన్ను పీకించుకున్న ఒకాయనకు బామ్మర్ది అట, నంబర్ ఆయనే ఇచ్చాడట.

నేను కర్నూలులో పంటి డాక్టరుగా కూర్చుని పదిహేడేళ్లయింది. నా ఫోన్ గ్యాలరీ తెరిస్తే మా పాప ఫోటోల కంటే ఎవరెవరివో నోళ్లే ఎక్కువ. చుట్టాలింట్లో పాప పుట్టినరోజు ఫోటోలు చూపిస్తూ వేలు ఒకసారి ఎక్కువ జరిపానంటే చీము పట్టిన చిగురు బయటపడుతుంది. అందుకే ఫోటోలు చూపించే పని మా ఆవిడ నా చేతి నుంచి ఎప్పుడో లాగేసుకుంది.

ఈ మధ్య ఒక రిసెప్షన్‌లో మేం పంటి డాక్టర్లం ఏడెనిమిది మందిమి ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. ఫోన్ మీద పంటి వైద్యం, అదే టెలీ డెంటిస్ట్రీ, మాట వచ్చింది. 'ఫోన్లోనే పన్ను పీకుతావా ఏంది?' అన్నారొకరు. బల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే బల్ల మీద బోర్లించిన ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి గుర్రుగుర్రుమంటున్నాయి. బిర్యానీ సగంలో ఇద్దరు లేచి పక్కకు వెళ్లి, 'ఉప్పు నీళ్లు పుక్కిలించండి, రేపు రండి' అని చెప్పి వచ్చి మళ్లీ కూర్చున్నారు.

దూరం నుంచి పంటి వైద్యం చెయ్యొచ్చా, కూడదా అని మేం ఇంకా చర్చ పెడుతున్నాం. చెయ్యడం మొదలుపెట్టి ఏళ్లు గడిచాయి. ఎక్కడా రాసుకోకుండా, ఫీజు లేకుండా, సగం నిద్రలో, రెండు ముక్కల మెసేజ్‌తో చేస్తున్నాం. చెడ్డగా చేస్తున్నాం. నేను చెడ్డగా చేసిన కేసు ఒకటి ఉంది, దానికి వస్తాను.

ముందు ఆ బల్ల దగ్గరి పెద్దాయన సంగతి. నాకంటే ఇరవై ఏళ్లు సీనియర్. ఆయనది ఒకటే మాట: 'తట్టకుండా పన్ను సంగతి చెప్పేవాడు డాక్టర్ కాదబ్బా, చిలక జోస్యం చెప్పేవాడు.'

ఈ మాటలో పస ఉంది. మా అద్దం కాడతో పన్ను మీద మెల్లగా తడతాం. వేరు కొసన చీము ఉంటే పేషెంటు కుర్చీలోంచి లేస్తాడు. తట్టడం ఎందుకంటే, లోపలి నరం వాచిన దశలో నొప్పి ఏ పన్నుదో నొప్పి పడే మనిషికే తెలియదు. పై దవడ పన్ను పుచ్చితే కింద సలుపుతుంది. కింది పన్ను పుచ్చితే చెవిలో పోటు. ఎడమ నుంచి కుడికి మాత్రం దాటదు, అదొక్కటే నమ్మకం. బుధవారపేట నుంచి ఒకావిడ వచ్చి కింది పన్ను పీకమని అరగంట పోరు పెట్టింది. ఆ పన్ను గుండ్రాయిలా ఉంది. దాని పక్కది అప్పటికే ఎక్కడో పీకించుకుంది, నొప్పి మాత్రం పోలేదు. ఎక్స్‌రే తీస్తే పైన, రెండు పళ్ల సందులో, కంటికి కనపడని చోట పుచ్చు నరం దాకా వెళ్లింది. అదే ఆవిడ ఫోన్లో చెప్పి ఉంటే నేనూ కింది పన్నునే అనుమానించేవాణ్ణి.

కాబట్టి తట్టడం విషయంలో పెద్దాయన చెప్పింది నిజం. కానీ తట్టడం ఏ పనికి? ఏ పన్నుకు ఏం చెయ్యాలో తేల్చడానికి. దానికి ముందు తేలాల్సింది ఇంకోటుంది: బస్సెక్కాలా వద్దా. రాత్రి పదీ నలభైకి కోసిగి మనిషి నన్ను అడిగేది అదే, మాత్ర పేరు అడిగినా సరే. ఇప్పుడే బండి కట్టించుకుని రావాలా, పొద్దున బస్సు చాలా, పత్తి తీత అయ్యేదాకా ఆగొచ్చా? అక్కడి నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. ఛార్జీలు, ఒక రోజు కూలి, తోడొచ్చే మనిషి కూలి. ఇంత చేసి వస్తే నేను బీపీ చూసి, లేదా షుగరు చూసి, 'ముందు ఇది తగ్గించుకుని వారం తర్వాత రాండి' అని పంపిన రోజులు చాలా ఉన్నాయి. వెళ్లేటప్పుడు వాళ్లు ఏమీ అనరు. 'సరే సార్' అంటారు. ఆ 'సరే సార్'లో ఎంత కూలి పోయిందో లెక్క నాకు అప్పట్లో తట్టేది కాదు.

ఇదేం నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. 1994లోనే అమెరికా సైన్యం తన పంటి డాక్టర్ల కోసం ఈ ప్రయోగం చేసింది. నోటి ఫోటోలు తీసి, నత్తనడక మోడెమ్ మీద ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి పంపి, అక్కడి స్పెషలిస్టును అడిగేవాళ్లు. చిగురు ఆపరేషన్ అయినవాళ్లు కుట్లు చూపించుకోవడానికి మళ్లీ అంత దూరం పోయే పని తప్పింది. ఆ మోడెమ్‌తో పోలిస్తే కోసిగి కుర్రాడి చేతిలో ఉన్న ఫోన్ ఎక్కడో ఉంది.

ఇప్పుడు నా కేసు.

2020 ఏప్రిల్ నెలాఖరు. రాష్ట్రంలో కరోనా కేసులు అప్పుడు ఎక్కువ ఉన్నది కర్నూలు జిల్లాలోనే. మా వీధికి రెండు చివర్లా కర్రలు కట్టేశారు. మా వృత్తి పరిస్థితి ఇంకా విడ్డూరం. మా మిషన్ తిరిగితే నోట్లోని ఉమ్మి నీళ్లతో కలిసి తుంపర్లయి గదంతా లేస్తుంది. ఆ రోజుల్లో అంతకంటే భయపడాల్సింది ఇంకోటి లేదు. మే 19న కేంద్ర ఆరోగ్య శాఖ పంటి డాక్టర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. కంటైన్‌మెంట్ జోన్లలో క్లినిక్‌లు మూసే ఉంచాలి, ఫోన్ మీద మాత్రం ఎవరికి ఎంత తొందరో చూసి చెప్పొచ్చు అని. అది వచ్చేసరికే మేం నెల రోజులుగా చేస్తున్నది అదే.

ఎమ్మిగనూరు దారిలో ఒక పల్లె నుంచి ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. వాళ్ల నాయనకు యాభై దాటాయి, షుగరు ఉంది. కింద ఎడమ వైపు చివరి దవడ పన్ను. ఫోటోలో బుగ్గ మీద కొంచెం ఉబ్బు, నోట్లో రేగుపండు పెట్టుకున్నంత. ఆ రోజుకు అలాంటి ఫోటో అది పదకొండోదో పన్నెండోదో. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, పారాసిటమాల్ అని చీటీ రాసి ఫోటో తీసి పంపాను. షుగరు ఎంతుందని కూడా అడగలేదు.

మర్నాడు సాయంత్రం ఆ కుర్రాడి మెసేజ్: 'వాపు కిందికి దిగింది సార్.'

నేను బొటనవేలు బొమ్మ పెట్టాను.

మనకు వాపు దిగడమంటే తగ్గడం. జ్వరం దిగింది అంటాం, మత్తు దిగింది అంటాం. అందుకని ఆ 'కిందికి' అన్న మాట నా కంటికి ఆనలేదు. ఆ పిల్లోడు పాపం ఉన్నది ఉన్నట్టు రాశాడు. బుగ్గ మీది వాపు దవడ ఎముక కిందికి, అక్కడి నుంచి గడ్డం కిందికి, మెడ వైపుకు దిగింది.

రాత్రి పదకొండుకు ఫోన్ చేశాడు. 'నాయన నీళ్లు మింగలేకపోతాండు సార్.' ఫోన్ నాయనకే ఇవ్వమన్నాను. ఆయన ఏం చెప్పాడో నాకు గుర్తులేదు. ఎట్లా చెప్పాడో ఇప్పటికీ చెవిలో ఉంది. వేడి వేడి సంకటి ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉమ్మలేక మాట్లాడితే ఎట్లుంటుందో అట్లా. మా పుస్తకాల్లో దీన్ని వేడి బంగాళాదుంప నోట్లో ఉన్న గొంతు అంటారు. కాలేజీలో చదివినప్పుడు నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. సంకటి అని రాసి ఉంటే మొదటిసారికే ఎక్కేది. నాలుక కింద ఇన్‌ఫెక్షన్ చేరి నాలుకను పైకి, వెనక్కి నెడితే గొంతు అలా అవుతుంది. ఆ తర్వాత మూసుకుపోయేది ఊపిరి దారి. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు దీని గురించి రాశాడు, జబ్బుకు ఆయన పేరే నిలిచింది. యాంటీబయాటిక్‌లు లేని కాలంలో ఇది వచ్చినవాళ్లలో బతికి బట్టకట్టినవాళ్లు తక్కువ.

పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే ఉంచండి అన్నాను. 108కి చెయ్యమన్నాను, నేనూ చేశాను. ఆ అర్ధరాత్రి చెక్‌పోస్టులు దాటించి కర్నూలు తెచ్చారు. గడ్డం కింద కోసి చీము వదిలారు, పన్ను పీకేశారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. ఉగాదికి ఫోన్ చేసి 'సార్, బాగుండారా' అంటాడు. నేను ముందు ఆయన గొంతు వింటాను, ఆ తర్వాతే మాట.

ఈ కథ చెబితే పెద్దాయన 'చూశావా మరి' అన్నారు. ఫోన్ వైద్యం ఎంత ప్రమాదమో నా నోటితోనే ఒప్పించినట్టు. నాకు మాత్రం వేరేగా అనిపిస్తుంది. ఆ మనిషి ప్రాణం మీదికి వచ్చిందని నాకు తెలిసింది ఫోన్లోనే. ముందు రోజే ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే ఇంకా ముందు తెలిసేది. ఆ మెసేజ్ వచ్చిన సాయంత్రమైనా 'కిందికి అంటే ఎక్కడికి?' అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. నేను ఫోన్‌ను ఫోటోలు చూసే డబ్బాగా వాడాను. చెవికి పెట్టుకోవడం మర్చిపోయాను.

టెలీ డెంటిస్ట్రీ అనగానే మావాళ్లంతా కెమెరా గురించే మాట్లాడతారు. నోట్లో పెట్టే కెమెరాలు, యాప్‌లు, ఫోటో చూసి పుచ్చు పట్టేసే సాఫ్ట్‌వేర్. ఉండనీ. కానీ రాత్రిపూట ప్రాణం మీదికొచ్చే కేసులో ఫోటో మోసం చేస్తుంది. చీము లోపల ఉంటుంది, ఫోటో పైపైన ఉంటుంది.

అప్పటి నుంచి ఫోటో వస్తే నేనే ఫోన్ చేస్తాను. పేషెంటుతోనే మాట్లాడతాను. కొడుకు, కోడలు, పక్కింటి టీచరు ఎంత బాగా చెప్పినా సరే, గొంతు పేషెంటుది వినాలి. ఉమ్మి మింగుతున్నారా అని అడుగుతాను. మీ మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా ముందు పళ్ల మధ్య పెట్టండి, పడుతున్నాయా అంటాను. పడకపోతే ఇన్‌ఫెక్షన్ దవడ కండరాల దాకా పోయిందేమోనని అనుమానం. గడ్డం కింద నొక్కమంటాను. మెత్తగా ఉందా, చెక్కలా ఉందా? చెక్కలా ఉందంటే ఇక మాటల్లేవు, బండెక్కడమే. చల్లనీళ్లు పోసుకుంటే సలుపు పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుందంటే నరం చివరి దశలో ఉందని లెక్క, అలాంటివాళ్లు రాత్రంతా పక్కన చెంబు పెట్టుకుని కూర్చుంటారు. ముందుకు వంగితే పై పళ్లన్నీ ఒకేసారి బరువెక్కుతున్నాయా? అయితే అది పళ్లది కాకపోవచ్చు, జలుబుది కావచ్చు. ఎడమ దవడ లాగుతూ చెమటలు పడుతున్నాయా, మెట్లెక్కితే ఎక్కువవుతుందా? అయితే నా దగ్గరికి రావద్దు, గుండె డాక్టరు దగ్గరికి పొమ్మంటాను. వీటిలో దేనికీ కెమెరా అక్కర్లేదు.

ఇంకోటి చేస్తాను, చెబితే నవ్వుతారు. చెంచా కాడతో ఒక్కో పన్ను మీద మెల్లగా తట్టుకోమంటాను, నేను వింటూ ఉంటాను. టక్, టక్, టక్, అబ్బా. 'ఆ అబ్బా అన్నది చివరి నుంచి ఎన్నోది?' ఇది చెబితే పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. నవ్వడం అయిపోయాక అడిగారు, 'స్టీలు చెంచానా?' అని.

ఫోటోలు అసలు వద్దనట్లేదు. తీసే పద్ధతి ఉంది. పగలు, కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. తీసేది ఇంకో మనిషి. వెనక కెమెరాతోనే తియ్యాలి. రెండు చెంచాల వంపుతో పెదవుల మూలల్ని పక్కకు లాగి పట్టుకుంటే దవడ పళ్ల దాకా వెలుతురు పోతుంది. సెల్ఫీ మాత్రం వద్దే వద్దు. కొన్ని ఫోన్లలో సెల్ఫీ అద్దంలాగా తిరగబడి నిలిచిపోతుంది, కుడి ఎడమవుతుంది. ఒకసారి నేను ఫోటో చూసి కుడి వైపని రాసి పెట్టుకుంటే మనిషి ఎడమ బుగ్గ పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు అడిగే తీరు మార్చాను: అన్నం తినే చేతి వైపా, ఇంకో వైపా?

నిదానంగా పెరిగే వాటికి ఫోటో బాగా పనికొస్తుంది. అనంతపురం వైపు చుట్టాలు పంపించే పిల్లల గార పళ్ల ఫోటోలు చూడగానే తెలిసిపోతాయి. పళ్లకు అడ్డంగా సున్నపు గీతలు, గోధుమ మరకలు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్ల సంతకం అది. మన దేశంలో ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్ గురించి మొదట రాసింది కూడా తెలుగు నేల మీద నుంచే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. ఆ పిల్లల్ని నా దగ్గరికి తేవాల్సిన తొందరేం లేదు. తాగే నీళ్లు మార్చడం తొందర.

నోరు మూసుకుపోయే జబ్బుకు ఫోటో ఇంకా ముఖ్యం. గుట్కా నిషేధమే. ఏ బంకులో అడిగినా ఆ నిషేధం ఏపాటిదో తెలుస్తుంది. నమిలేవాళ్లలో బుగ్గ లోపల తెల్లగా, బిరుసుగా పట్టీలు కట్టి నోరు కొంచెం కొంచెంగా తెరుచుకోకుండా పోతుంది. దాని మొదటి లక్షణం సీమలో ఇట్టే పట్టుకోవచ్చు. ఊరిమిండి, ఎర్రకారం పూసిన దోసె తిని పెరిగిన మనిషి, 'కారం తినలేకపోతున్నా సార్, మండుతాంది' అన్నాడంటే నేను వేరే ఏదీ అడగను, మూడు వేళ్లు పెట్టమంటాను. తిరువనంతపురం దగ్గర 1996లో మొదలైన ఒక పెద్ద పరిశోధనలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. వాళ్లు డాక్టర్లు కారు. 2005లో ఫలితాలు వచ్చాయి. పొగాకో, మద్యమో, రెండూనో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి. ఒక టార్చి, చూడడం నేర్చిన కళ్లు. మా పెద్దాయన 'తట్టకుండా చెప్పేవాడు డాక్టర్ కాదు' అంటారే, అక్కడ పడింది డాక్టర్ చెయ్యి కాదు మరి.

నేను ఫోన్ వైద్యానికి పెట్టే షరతు కూడా ఇక్కడే ఉంది. అవతల ఒక చెయ్యి ఉండాలి. ఒంటరిగా మంచం మీద కూర్చుని నోరు తెరిచి సెల్ఫీ తీసుకునే మనిషికి నేను చెయ్యగలిగేది తక్కువ. పక్కన ఆశా కార్యకర్తో, పల్లె క్లినిక్‌లో ఉండే నర్సమ్మో ఉంటే చాలా చెయ్యగలను. ఈ-సంజీవని ఉంది కదా, పల్లె కేంద్రం నుంచి వీడియోలో డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ ఏర్పాటు. 2019 నవంబర్‌లో దాన్ని దేశంలో మొదట మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశే. జ్వరాలకు, బీపీకి అలవాటైన ఆ తెర ముందు వారంలో ఒక పూట పంటి డాక్టరును కూర్చోబెట్టడం ఎంత పని? కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, కర్నూలులో పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది. హౌస్‌సర్జన్లు ఉన్నారు. వాళ్లకు రూట్ కెనాల్ నేర్పినట్టే ఫోన్లో ప్రశ్నలు అడగడం కూడా నేర్పాలి. నాకెవరూ నేర్పలేదు, ఆ ఎమ్మిగనూరు దారి మనిషి మెడ నేర్పింది.

చెయ్యి గురించి చెప్పాను కాబట్టి పత్తికొండ సంగతి చెప్పాలి. ఒక బడి నుంచి డ్రిల్లు సార్ ఫోన్. ఏడో తరగతి పిల్లాడు క్రికెట్‌లో పడ్డాడు, పై ముందు పన్ను ఊడి మట్టిలో పడింది. పిల్లాణ్ణి తీసుకుని బయల్దేరుతున్నాం, రెండు గంటల్లో వస్తాం అన్నాడు. పన్నేదీ అని అడిగాను. 'జేబులో పెట్టుకున్నా సార్, కాగితంలో చుట్టి.'

ఊడిన పన్ను వేరు మీద ఉండే సన్నటి పొర ఆరిపోతే ఆ పన్ను మళ్లీ ఎముకకు సరిగ్గా అతుక్కోదు. గంట పొడిగా ఉంటే దాదాపు అంతే సంగతులు. రెండు గంటలు కాగితంలో అంటే కర్నూలు వచ్చేసరికి నా చేతిలో పెట్టేది పన్ను కాదు, గులకరాయి. కొరికే తెల్లటి వైపు పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు అన్నాను. బాటిల్ నీళ్లతో కొద్దిసేపు కడగమన్నాను. ఇప్పుడు అది ఏ గుంతలోంచి వచ్చిందో ఆ గుంతలో పెట్టి నెట్టండి.

అవతల నిశ్శబ్దం. 'నేనా సార్?'

'మీరే.'

పిల్లాడి ఏడుపు వినిపించింది. ఎవరో ఆడమనిషి 'ఏం కాదులే నాయనా' అంటోంది. 'తెల్లటి వైపు మన వైపుకే కదా సార్?' అని డ్రిల్లు సార్ రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత ఒక చిన్న అరుపు, మళ్లీ నిశ్శబ్దం. 'పోయింది సార్, లోపలికి పోయింది.' చేతిరుమాలు మడిచి కొరుక్కోమని చెప్పి బయల్దేరమన్నాను. మీ చేతికి ధైర్యం చాలకపోతే కప్పు పాలలో వేసుకుని తెండి అని చెప్పడానికి నా దగ్గర ఇంకో దారి ఉంది, ఆ మాట అనే పని ఆయన పడనివ్వలేదు. (పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద మొలిచే పన్ను చెడుతుంది. ఏడో తరగతి అన్నాడు కాబట్టి సరిపోయింది.) ఇక్కడ నేను చేసిందల్లా పక్క పళ్లకు తీగతో కట్టి రెండు వారాలు ఉంచడం, రూట్ కెనాల్ చెయ్యడం. అసలు వైద్యం పత్తికొండ బడి వరండాలో, పళ్ల గురించి ఏమీ చదవని మనిషి చేతుల మీదుగా జరిగింది. ఆ పిల్లాడు ఇప్పుడు ఇంటర్. పన్ను ఉంది.

'ఫోన్లో పన్ను పీకుతావా' అన్నారు కదా. పీకడం కుదరలేదు, పెట్టడం కుదిరింది.

ఇక డబ్బులు, చట్టం. మా బల్ల దగ్గర అందరి మనసులో ఉండి ఎవరూ ముందు ఎత్తని మాట ఇది. పంటి డాక్టరుకు చేతిపనికే డబ్బులిస్తారు. పీకితే ఇస్తారు, సిమెంట్ పెడితే ఇస్తారు, క్యాప్ వేస్తే ఇస్తారు. ఏమీ చెయ్యక్కర్లేదని చెబితే, 'ఊరికే చూసినందుకా సార్?' అంటారు. నేను ఫోన్‌కు నూట యాభై అని మొదలుపెట్టినప్పుడు ఒక పెద్దమనిషి, 'నోటి మాటకు కూడానా?' అన్నాడు. నోటి డాక్టరును మరి, నోటి మాటకు తీసుకోక దేనికి తీసుకోను? ఊరికే చేస్తే ఊరికే చేసినట్టే ఉంటుంది, నా బొటనవేలు బొమ్మలాగా. డబ్బు తీసుకున్న రోజు నుంచి నేను నోట్‌బుక్‌లో రాస్తున్నాను: టైము, ఏం చెప్పారు, ఏం అడిగాను, ఏం చెప్పాను, మళ్లీ ఎప్పుడు ఫోన్ చెయ్యాలి. లేనివాళ్ల దగ్గర తీసుకోను, రాయడం మాత్రం రాస్తాను.

చట్టం మాటకొస్తే, టెలీ మెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి, లాక్‌డౌన్ మొదలైన రోజే. అందులో ఆర్‌ఎంపీ అంటే 1956 నాటి మెడికల్ కౌన్సిల్ చట్టం కింద పేరు నమోదైన డాక్టరు. మేమేమో 1948 డెంటిస్టుల చట్టం కింద నమోదైనవాళ్లం. ఆ పత్రం చదువుతుంటే నాకు వేరే నవ్వు కూడా వచ్చింది. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేకుండా సూది వేసే ఆయన. ఢిల్లీ కాగితంలో ఆర్‌ఎంపీ డిగ్రీ ఉన్నాయన. మధ్యలో పంటి డాక్టరు రెండింటిలోనూ లేడు. అయినా ఆ కాగితంలోని పద్ధతి మంచిదే: ముందు మనిషిని గుర్తుపట్టాలి, రికార్డు ఉంచాలి, కొన్ని మందులు వీడియోలో చూడకుండా మొదటిసారి రాయకూడదు. మేం అరువు తెచ్చుకుని పాటించడానికి ఏం అడ్డం?

మందుల దగ్గర నేను మొండిగా ఉంటాను. నరం వాచిన నొప్పికి యాంటీబయాటిక్ పని చెయ్యదు. చీము ముదిరితే మందుతో పాటు చీము బయటికి పోవాలి, దారి చెయ్యాల్సింది మనిషి చెయ్యి. ఫోన్లో రాసే యాంటీబయాటిక్ చాలాసార్లు 'నిద్రపోనీవయ్యా' అని చెప్పడానికి మర్యాదైన పద్ధతి. నేనూ అలా రాసినవాణ్ణే. ఆ మాత్రలతో నొప్పి రెండు రోజులు సద్దుమణిగి మనిషి బస్సెక్కడం మానేస్తాడు, లోపలిది మాత్రం దాని పని అది చేసుకుంటూ పోతుంది. తాగే అలవాటున్నవాడికి మెట్రోనిడజోల్ రాసి ఆ సంగతి అడగకపోతే ఇంకో గొడవ.

ఇంటికే అచ్చులు పంపి పళ్లు వరుస చేస్తామనే కంపెనీల సంగతి ఎక్కువ మాట్లాడను. అమెరికాలో స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2014లో మొదలై, 2023 డిసెంబర్‌లో ఉన్నపళంగా మూసేసింది. సగం జరిగిన పళ్లతో జనం మిగిలారు. దూరం వల్ల వచ్చిన కష్టమని నేను అనుకోను. అవతల పలికేవాడు ఎవరో తెలియకపోతే వచ్చే కష్టం అది. మా ఊళ్లో క్లిప్పులు వేసే మా స్నేహితురాలు ఆదోని పిల్లల్ని నెలకోసారి ఫోటోలోనే చూస్తుంది. తీగ బుగ్గకు గుచ్చుకుంటే మైనం పెట్టుకోమంటుంది. గొడవైతే ఆ పిల్లల తల్లులకు ఆమె క్లినిక్ మెట్లు తెలుసు.

కోసిగి మనిషి దగ్గర ఆపాను కదా. ఆ రాత్రి ఫోన్ చేశాను. గొంతు మామూలుగానే ఉంది. మూడు వేళ్లూ పట్టాయి, గడ్డం కింద మెత్తగా ఉంది, షుగరు లేదు. కింద కుడి వైపు సలుపుతాందన్నాడు. చెంచాతో తట్టించాను. కింద ఎక్కడా అబ్బా రాలేదు. పైన చివరి నుంచి రెండో దాని మీద వచ్చింది. ఒక నొప్పి మాత్ర పేరు చెప్పి, రెండ్రోజుల్లో రమ్మన్నాను. 'వస్తా సార్' అన్నాడు. రాలేదు.

పదకొండు రోజులకు మళ్లీ ఫోన్. వెనక గాలి హోరు, ఆడవాళ్ల మాటలు, ట్రాక్టర్. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయారట, ఇంటిల్లిపాదీ. నొప్పి ఎక్కువైందట. అక్కడ ఒక పంటి డాక్టరు దగ్గరికి వచ్చాడు, కుర్చీలో కూర్చునే మాట్లాడుతున్నాడు. 'మా సార్ ఏదో లెక్క చెప్పినాడు, నాకు చెప్పనీకి రాదు, మీరే మాట్లాడండి' అని ఫోన్ ఆయన చేతికిచ్చాడు. అవతల ఎవరో చిన్న వయసు గొంతు, కొంచెం చిరాగ్గా ఉంది.

'చెప్పండి సార్. ఈయన కింది పన్ను పీకమంటున్నాడు.'

నోట్‌బుక్ తీశాను. 'కిందిది ముట్టుకోకండి డాక్టర్ గారూ. పైన కుడి వైపు, చివరి నుంచి రెండోది తట్టి చూడండి' అన్నాను.

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. టక్. టక్. అబ్బా.